లూవ్రా, ఓర్సేనా, షార్త్ర్ చర్చా: ఫ్రాన్స్‌లో చదివే విద్యార్థి ముందుగా ఏది చూడాలి

ఫ్రాన్స్‌కు చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి ఏ మ్యూజియంకు ముందు వెళ్లాలన్న ప్రశ్నకు జవాబు కళాభిరుచితో కాక పుట్టినతేదీతో మొదలవుతుంది. దీర్ఘకాల వీసాతో గాని నివాస కార్డుతో గాని ఇక్కడ ఉంటూ 26 ఏళ్లు నిండనివారికి లూవ్ర్, ఓర్సే, ఒరాంజరీ, క్లూనీ, గిమే వంటి జాతీయ మ్యూజియంలలోని శాశ్వత ప్రదర్శనలు, సాంత్‌షపెల్ వంటి జాతీయ కట్టడాలు ఉచితం. 2009 నుంచి అమల్లో ఉన్న ఈ ఏర్పాటు సంగతి తెలియక, వచ్చిన కొత్తలో పర్యాటకుల కోసం అమ్మే మ్యూజియం పాస్ కొనుక్కున్న మనవాళ్లను నేను చాలామందిని చూశాను. 26 దాటినవారికి ఆ పాస్ కొంతవరకు గిట్టుబాటు కావచ్చుగాని, వయసులోపు వారికి అది పూర్తిగా దండగ ఖర్చు. వీసా ఉన్న పాస్‌పోర్టు లేదా నివాస కార్డు వెంట ఉంటే చాలు. టికెట్ ఉచితమే అయినా లూవ్ర్‌కు ముందుగా ఆన్‌లైన్‌లో సమయం కేటాయించుకుని వెళ్లడం మేలు.

వయసు దాటినవారికి రెండు దారులున్నాయి. ఓర్సే, ఒరాంజరీ, క్లూనీ, గిమే మ్యూజియంలలో ప్రతి నెలా మొదటి ఆదివారం అందరికీ ఉచిత ప్రవేశం ఉంటుంది. లూవ్ర్‌లో మాత్రం జూలై, ఆగస్టు తప్ప మిగిలిన నెలల్లో మొదటి శుక్రవారం సాయంత్రం ఆరు తర్వాత ఉచితం. పారిస్ నగరపాలక సంస్థ నడిపే పెతీ పాలే, కార్నావాలే మ్యూజియంల శాశ్వత ప్రదర్శనలకైతే వయసుతో గాని పౌరసత్వంతో గాని నిమిత్తం లేకుండా ఏడాది పొడవునా టికెట్ లేదు.

ఈ ఉచితం వల్ల డబ్బు మిగలడం కన్నా ముఖ్యమైన మేలు ఇంకొకటి ఉంది. లూవ్ర్ 2026 జనవరి నుంచి ఐరోపా ఆర్థిక ప్రాంతానికి బయటినుంచి వచ్చేవారికి టికెట్‌ను 32 యూరోలు చేసింది. అంత డబ్బు పోసి లోపలికి వెళ్లినవాడు పెట్టిన ప్రతి యూరో రాబట్టుకోవాలని పొద్దుటినుంచి సాయంత్రం దాకా తిరుగుతాడు. విస్తరి నిండా వడ్డించుకుని ఏదీ రుచి తెలియకుండా లేచినట్టు బయటికి వస్తాడు. నేనూ మొదటి నెలలో అదే చేశాను. టికెట్ లేకుండా వెళ్లి కూడా పర్యాటకుడి ఆత్రంతోనే ఆరు గంటలు నడిచాను. ఆనాడు చూసినవాటిలో ఇప్పటికీ కళ్లకు కడుతున్నది మెట్ల వరస చివర రెక్కలు విప్పుకుని నిలబడిన తలలేని సామోత్రాకీ విజయదేవత విగ్రహం ఒక్కటే. తరగతి అయిపోయాక ఒక గంట వెళ్లి, రెండు బొమ్మలు మాత్రమే చూసి, వచ్చే వారం మళ్లీ వెళ్లగలిగే వెసులుబాటు విద్యార్థికి ఉంది, పర్యాటకుడికి లేదు. కాబట్టి ఇక్కడ నేను చేసే పోలికలన్నీ ఆ ఒక్క గంటను దృష్టిలో పెట్టుకుని చేసినవే.

సెలవుల సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే నేను రెండుసార్లు మూసిన తలుపు చూసి వెనక్కి వచ్చాను. లూవ్ర్, ఒరాంజరీ, గిమే మంగళవారం మూసి ఉంటాయి. ఓర్సే, క్లూనీ, రొదాఁ మ్యూజియంలు సోమవారం మూసి ఉంటాయి. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి తొమ్మిది దాకా, ఓర్సే గురువారం రాత్రి తొమ్మిదిమ్ముప్పావు దాకా తెరిచి ఉంటాయి. విద్యార్థికి ఈ మూడు సాయంత్రాలే అసలైన పెన్నిధి.

ఇక లూవ్రా, ఓర్సేనా అన్న పోలిక. చాలామంది దీన్ని పెద్దదా చిన్నదా అన్న ప్రశ్నగా చూస్తారు. నిజానికి అది కాలానికి సంబంధించిన పంపకం. ఫ్రెంచి చిత్రకళలో 19వ శతాబ్దం నడిమి వరకు వచ్చినది దాదాపుగా లూవ్ర్‌లో, 1848 నుంచి 1914 దాకా వచ్చినది ఓర్సేలో, ఆ తర్వాతది పాంపిదూ కేంద్రంలో ఉండేలా ఏర్పాటు చేసుకున్నారు. వీటిలో పాంపిదూ 2025 సెప్టెంబరులో పెద్ద మరమ్మతుల కోసం మూతపడింది, అది కొన్నేళ్ల పని. కాబట్టి ప్రస్తుతం పోటీ మొదటి రెండింటి మధ్యనే, అందులో నా ఓటు ఓర్సేకు.

ఆ భవనాన్ని 1900 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం విక్తోర్ లలూ అనే వాస్తుశిల్పి రైల్వేస్టేషన్‌గా కట్టాడు. రైళ్లు పొడవు పెరిగి ప్లాట్‌ఫారాలు చాలక దూరప్రయాణాలకు పనికిరాకుండా పోయిన ఆ స్టేషన్, కూల్చివేత తప్పించుకుని 1986లో మ్యూజియం అయింది. ఆ చరిత్ర వల్ల సందర్శకుడికి కలిగే లాభం ఏమిటంటే, విజయవాడ, కాజీపేట స్టేషన్లలో తిరిగినవాడికి ఇక్కడ దారి ఎవరూ చెప్పనక్కరలేదు. పట్టాలు పోయిన చోట మిగిలిన పొడవాటి నడవ, దానికి ఇరువైపులా గదులు, తలెత్తితే స్టేషన్ గడియారం. లూవ్ర్‌లో మూడు విభాగాలు, ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొచ్చే అంతస్తులు కలిసి మనిషిని తికమక పెడతాయి. ఓర్సేలో తప్పిపోవడం కష్టం.

అయితే ఓర్సేలోకి అడుగుపెట్టినవారు పదిమందిలో తొమ్మిదిమంది నేరుగా ఐదో అంతస్తుకు, అంటే మొనే, రెన్వార్ వంటి ఇంప్రెషనిస్టు చిత్రకారుల దగ్గరికి పరుగెత్తుతారు. అది వద్దంటాను. ముందు కింది అంతస్తులో కూర్బే గీసిన ‘ఓర్నాఁలో అంత్యక్రియలు’ ముందు నిలబడండి. మూడు మీటర్లకు పైగా ఎత్తు, ఆరున్నర మీటర్లకు పైగా వెడల్పు ఉన్న ఆ చిత్రంలో రాజు గాని, దేవుడు గాని, యుద్ధం గాని లేదు. ఒక పల్లెటూరి శ్మశానంలో గొయ్యి చుట్టూ గుమిగూడిన ఊరివాళ్లు ఉన్నారు. అంత పెద్ద గుడ్డ మీద మహావీరులను మాత్రమే గీయాలనుకునే కాలంలో 1850 ప్రాంతంలో అతను ఊరి జనాన్ని నిలువెత్తున నిలబెట్టాడు. ఆ ధిక్కారం అర్థమయ్యాక పైకి వెళితే, పై అంతస్తువాళ్లు రంగులను ఎందుకు విడదీశారో, ఎందుకు వాళ్ల బొమ్మలు చూసి జనం నవ్వారో తెలుస్తుంది. తెలియకుండా వెళితే అవి క్యాలెండర్ బొమ్మల్లాగే కనిపిస్తాయి.

ఓర్సేలో ఒక్క బొమ్మే చూసే సమయముంటే కైబోత్ 1875లో గీసిన ‘నేల చెక్కేవాళ్లు’ చూడమంటాను. ఖాళీ గదిలో ముగ్గురు కూలీలు చొక్కాలు లేకుండా మోకాళ్ల మీద కూర్చుని చెక్కనేలను గీకుతున్నారు. వెనక కిటికీలోంచి వచ్చిన వెలుగు వాళ్ల వీపుల మీదా, ఇంకా గీకని పలకల మీదా పడి తడిగా మెరుస్తోంది. గీకిన పట్టీలు మాత్రం పేలవంగా, పొడిగా ఉన్నాయి. చెక్కపొట్టు ఉంగరాలు చుట్టుకుని అక్కడక్కడ పడి ఉంది. ఒక పక్క వైన్ సీసా, గ్లాసు. ఇద్దరు తలలు ఒకరి వైపు ఒకరు వంచి ఏదో మాట్లాడుకుంటున్నారు. పని చేస్తూ మాట్లాడుకునేవాళ్ల చేతులు ఆగవని గమనించినవాడే అలా గీయగలడు. ఆ ఏడాది ప్రభుత్వ ప్రదర్శన దీన్ని తిరస్కరించింది; మరుసటి ఏడు ఇంప్రెషనిస్టులు తమ సొంత ప్రదర్శనలో పెట్టారు. మన ఊళ్లో వడ్రంగి చిత్రిక పట్టడం చూసి పెరిగినవారికి ఈ బొమ్మను పరిచయం చేయనక్కరలేదు.

లూవ్ర్‌ను రెండో స్థానంలో పెట్టానంటే తక్కువ చేశానని కాదు. 1793లో, విప్లవం నడిమధ్యలో, రాజుల సొత్తును జనం చూడడానికి తెరిచిన చోటు అది. కాని అక్కడ ఏం చూడకూడదో ముందు తేల్చుకోవాలి. మోనాలిసా 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చిత్రం. దాన్ని అద్దం వెనక, ఎత్తిన ఫోన్ల వరసల మీదుగా చూడాలి. చూసి తీరాలనుకుంటే రాత్రి వేళ వెళ్లి, ఒక నిమిషం చూసి, వెనక్కి తిరగండి. ఎదురు గోడ నిండా వెరొనేసే గీసిన, బైబిలులోని కానా పెళ్లివిందు ఉంటుంది, దాన్ని అడ్డం లేకుండా చూడవచ్చు. ఈ రెండూ ఇటలీవి. ఫ్రెంచి కళ కోసం వచ్చినవారు అక్కడ ఎక్కువసేపు ఉండనక్కరలేదు.

ఫ్రెంచి కళ కోసం లూవ్ర్‌లో మూడు చోట్లను పోల్చి చూసుకోవచ్చు. డెనాఁ విభాగంలోని ఎర్రగోడల పెద్ద గదుల్లో ‘మెదూజ్ తెప్ప’, ‘ప్రజలను నడిపించే స్వేచ్ఛ’, నెపోలియన్ పట్టాభిషేకం ఉన్నాయి. గొప్పవే, కాని అక్కడ సంతలో నిలబడ్డట్టు ఉంటుంది. రిషెల్యూ విభాగంలో గాజు పైకప్పు కింద మార్లీ, ప్యూజే ప్రాంగణాలున్నాయి; ఫ్రెంచి శిల్పాలన్నీ ఆరుబయట ఉన్నట్టే పగటివెలుగులో ఉంటాయి, కూర్చోవడానికి చోటుంటుంది, గియోమ్ కూస్తూ చెక్కిన మార్లీ గుర్రాల చుట్టూ తిరిగి చూడవచ్చు. మూడోది సుల్లీ విభాగం రెండో అంతస్తు, ఫ్రెంచి చిత్రాల గదులు. అక్కడికి ఎక్కి వచ్చేవారు తక్కువ. నన్నడిగితే అదే లూవ్ర్.

ఆ గదుల్లో జార్జ్ ద లా తూర్ 1640లలో గీసిన ‘వడ్రంగి జోసెఫ్’ ఉంది. ముసలి వడ్రంగి వంగి దూలానికి బెజ్జం వేస్తుంటే పిల్లవాడైన యేసు కొవ్వొత్తి పట్టుకుని వెలుగు చూపిస్తున్నాడు. గాలికి ఆరిపోకుండా అడ్డుపెట్టిన పసిచెయ్యి వెలుగుకు ఎర్రగా, లోపల నెత్తురు కనిపిస్తున్నట్టు మెరుస్తుంది. గోళ్ల అంచున ఉన్న మట్టి కూడా కనిపిస్తుంది. కార్తీకమాసంలో దీపానికి చెయ్యి అడ్డుపెట్టుకుని తులసికోట దాకా నడిచిన ప్రతి పిల్లా పిల్లవాడూ చూసిన ఎరుపే అది. ఈ ఒక్క బొమ్మ కోసమే నేను లూవ్ర్‌కు అయిదారు శుక్రవారాలు వెళ్లాను.

ఒరాంజరీ గురించి రెండు మాటలు చాలు. మొనే కలువల చిత్రాలు రెండు కోడిగుడ్డు ఆకారపు గదుల్లో ఎనిమిది భాగాలుగా గోడల చుట్టూ అమర్చి ఉంటాయి. ఆయన పోయిన మరుసటి ఏడు, 1927లో, అవి జనానికి తెరిచారు. పొద్దున్నే మొదటి విడతలో వెళితే నలభై నిమిషాల్లో నిండుగా చూడవచ్చు; మధ్యాహ్నం వెళితే కలువల కన్నా తలలే ఎక్కువ కనిపిస్తాయి.

చర్చిల విషయానికి వస్తే ముందుగా తెలియవలసినది, వీటిలో చాలావాటికి టికెట్ ఎందుకు లేదన్నది. 1905లో ఫ్రాన్స్ మతాన్ని రాజ్యం నుంచి వేరుచేస్తూ చట్టం చేసింది. దాని ఫలితంగా అప్పటికే ఉన్న కతీడ్రళ్లు, అంటే బిషప్‌ల పెద్ద చర్చిలు, ప్రభుత్వానికి, మిగిలిన చర్చిలలో అత్యధికం ఊళ్ల పురపాలక సంఘాలకు చెందాయి. ఆరాధనకు మాత్రం చర్చికి వదిలేశారు. ప్రవేశం ఉచితమన్నది ఆ ఏర్పాటులో భాగం. గోపురం ఎక్కడానికి, నిధుల గది చూడడానికి, సమాధుల దగ్గరికి వెళ్లడానికి డబ్బు తీసుకుంటారు. సాంత్‌షపెల్‌లో ఇప్పుడు నిత్యారాధన లేదు గనుక అది పూర్తిగా టికెట్ ఉన్న కట్టడం.

పారిస్‌లో ఉండే విద్యార్థి ముందు నాలుగు పేర్లు ఉంటాయి: సెయింట్ డెనిస్, నోత్ర్‌దామ్, షార్త్ర్, సాంత్‌షపెల్. (ఫ్రెంచివాళ్లు మొదటిదాన్ని సాఁ దనీ అంటారు, రాసిన అక్షరాల్లో సగం మింగేయడం వాళ్ల అలవాటు, మనకేమో రాసిన ప్రతి అక్షరాన్నీ పలికితేగాని తృప్తి ఉండదు.) వీటిని ‘ఏది అందం’ అని పోల్చడం కన్నా పుట్టిన వరసలో పోల్చడం మంచిది. సెయింట్ డెనిస్ తూర్పు భాగం 1144లో ప్రతిష్ఠ అయింది. నోత్ర్‌దామ్ 1163లో మొదలైంది. షార్త్ర్ 1194 నాటి అగ్నిప్రమాదం తర్వాత మళ్లీ లేచింది. సాంత్‌షపెల్ 1248లో ప్రతిష్ఠ అయింది. ఈ నూరేళ్ల కథంతా ఒకటే: గోడ తగ్గుతూ పోవడం, గాజు పెరుగుతూ పోవడం.

అది ఎలా సాధ్యమైందంటే, మొన తేలిన కమానులూ, కప్పు అడుగున పక్కటెముకల్లా పరుచుకున్న రాతి పట్టీలూ బరువును గోడంతటి మీదా కాక కొన్ని స్తంభాల మీదికి మళ్లిస్తాయి. ఆ స్తంభాలు పక్కకు ఒరగకుండా బయటినుంచి సగం కమానుల్లాంటి రాతి ఊతలు ఆపుతాయి. మోయవలసిన పని తప్పిన గోడను తీసేసి దాని స్థానంలో రంగు గాజు బిగించవచ్చు. సరిగ్గా ఇదే కాలంలో, 1213లో, పాలంపేటలో రామప్ప గుడి కట్టారు. మనవాళ్లు స్తంభం, దూలం పద్ధతి వదలకుండా, విమానం బరువు తగ్గించడానికి నీళ్లలో తేలేటంత తేలికైన ఇటుకలు వాడారు; ఇక్కడివాళ్లు బరువును తీసి భవనం బయట పెట్టారు. అక్కడ గర్భగుడి చీకటి దేవుడి సన్నిధి. ఇక్కడ వెలుగే దేవుడి సన్నిధి. రామప్పను చూసినవాడు షార్త్ర్‌లో నిలబడితే కలిగే ఆశ్చర్యం, రామప్పను చూడనివాడికి కలగదని నా నమ్మకం.

నాలుగింటిలో సెయింట్ డెనిస్‌కు మెట్రో పదమూడో లైనులో వెళ్లిపోవచ్చు. పారిస్ ప్రాంతపు ప్రయాణ కార్డు అయిన నావిగో పాస్ సరిపోతుంది. సూజేర్ అనే మఠాధిపతి కట్టించిన తూర్పు భాగంలో నడిస్తే, గోథిక్ అని పిలిచే ఈ నిర్మాణ పద్ధతి అప్పుడే కళ్లు తెరుస్తున్నట్టు కనిపిస్తుంది. ఫ్రాన్స్ రాజుల రాతి సమాధులూ అక్కడే ఉన్నాయి. జనం తక్కువ. చరిత్ర విద్యార్థికి ఇదే మొదటి స్థానం.

నోత్ర్‌దామ్ 2019 ఏప్రిల్ 15న కాలి, 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకుంది. లోపలి రాయినంతా శుభ్రం చేయడంతో ఇప్పుడు అది పాత ఫోటోల్లోని నల్లటి గుహలా లేదు, గోధుమపిండి రంగులో తెల్లగా ఉంది. ప్రవేశం ఉచితం, ఆన్‌లైన్‌లో ఉచితంగానే సమయం తీసుకోవచ్చు, తీసుకోకపోయినా వరస కదులుతూనే ఉంటుంది. కాని లోపల జనప్రవాహం మిమ్మల్ని ఒక చుట్టు తిప్పి బయటికి పంపిస్తుంది, తిరుమలలో జయవిజయుల దగ్గర నెట్టినంత కాకపోయినా దాదాపుగా. నిలబడి చూడవలసినది ఉత్తరం వైపు గులాబీ కిటికీ. 13వ శతాబ్దపు గాజు ఎక్కువగా మిగిలినది అందులోనే.

నోత్ర్‌దామ్‌ను విడిగా చూడకుండా, నదికి ఎడమగట్టున పది పదిహేను నిమిషాల నడక దూరంలో ఉన్న క్లూనీ మ్యూజియంతో జతచేసి చూడమని నా సలహా. చర్చి ముఖం మీద, తలుపులకు పైన, రాజుల విగ్రహాల వరస ఒకటి కనిపిస్తుంది. అవి 19వ శతాబ్దంలో చెక్కి పెట్టినవి. అసలువాటిని 1793లో విప్లవకారులు ఫ్రాన్స్ రాజులనుకుని కిందికి లాగి తలలు నరికారు; నిజానికి వాళ్లు బైబిలులోని యూదా రాజులు. ఆ తలలు ఎటుపోయాయో దాదాపు రెండు శతాబ్దాలు ఎవరికీ తెలియదు. 1977లో ఒక పాత భవంతి ఆవరణలో పనులు చేస్తుంటే 21 తలలు బయటపడ్డాయి, ఇప్పుడవి క్లూనీలో ఉన్నాయి. ముక్కులు పగిలిపోయి ఉంటాయి. అక్కడక్కడ చెంపల మీద, కళ్ల దగ్గర పాత రంగు ఇంకా కొంచెం అంటుకుని ఉంటుంది. గోథిక్ శిల్పాలన్నీ ఒకప్పుడు మన గాలిగోపురాల బొమ్మల్లాగే రంగులతో ఉండేవన్న సంగతి, చర్చి ముందు నిలబడితే తెలియదు, ఇక్కడ తెలుస్తుంది. చర్చిలో ఎత్తు తెలుస్తుంది, మ్యూజియంలో ముఖం తెలుస్తుంది. రెండూ ఒకే మధ్యాహ్నం చూస్తే తప్ప విగ్రహం పూర్తి కాదు.

సాంత్‌షపెల్, షార్త్ర్ రెండింటిలో ఒక్కదాన్నే ఎంచుకోవలసి వస్తే? రెండూ గాజుకు పేరుమోసినవే, కాని స్వభావాలు వేరు. తొమ్మిదో లూయీ రాజు, యేసు తలపై పెట్టిన ముళ్లకిరీటమని నమ్మి కొన్న వస్తువును ఉంచడానికి సాంత్‌షపెల్ కట్టించాడు. ఆ కిరీటానికి పెట్టిన సొమ్ము కట్టడానికి అయిన ఖర్చు కన్నా ఎక్కువ. కింది గది చూసి ‘ఇంతేనా’ అనిపిస్తుంది. ఇరుకైన మెలికల మెట్లెక్కి పైకి రాగానే పదిహేను మీటర్ల ఎత్తున్న పదిహేను కిటికీలు చుట్టుముట్టి, మాట పడిపోతుంది. వాటిలో 1,113 దృశ్యాలున్నాయి. చిక్కేమిటంటే, అవి అంత ఎత్తున, అంత దగ్గర దగ్గరగా ఉండడం వల్ల చదవడం దాదాపు అసాధ్యం. అది నగలపెట్టెలోపల నిలబడ్డ అనుభవం, అంతే. ఎండ కాసే రోజున ఒక గంట చాలు. మబ్బు రోజున వెళ్లడం వృథా. భద్రతా తనిఖీ ఉంటుంది గనుక వంటింటి కత్తెర, చాకు వంటివి సంచిలో మరిచిపోకుండా చూసుకోవాలి.

షార్త్ర్‌కు మోంపార్నాస్ స్టేషన్ నుంచి రైలులో గంటకు కొంచెం అటూ ఇటూ పడుతుంది. నావిగో పాస్ అక్కడిదాకా చెల్లదు, విడిగా టికెట్ కొనాలి. ఒక రోజు పూర్తిగా పోతుంది. అయినా నా ఎంపిక షార్త్రే, ఎందుకంటే అక్కడి పక్క నడవల కిటికీలు కంటికి అందే ఎత్తులో ఉన్నాయి, వాటిని పుస్తకంలా చదవవచ్చు. చదివే పద్ధతి మాత్రం మన పుస్తకానికి తిరగబడి ఉంటుంది: కింది నుంచి పైకి, వరసలో ఎడమ నుంచి కుడికి. చిన్న దుర్భిణి ఒకటి వెంట ఉంటే దృశ్యం రెట్టింపు విచ్చుకుంటుంది. దక్షిణం వైపు ‘అందమైన గాజు మాత’ అని పిలిచే మేరీమాత కిటికీలోని నీలం, అగ్నిప్రమాదానికి ముందటి 12వ శతాబ్దపు నీలం; పక్కనున్న 13వ శతాబ్దపు గాజు కన్నా తేటగా, ఉదయపు ఆకాశంలా ఉంటుంది.

నేను మొదటిసారి అక్కడికి నా ప్రయోగశాల సహవిద్యార్థినితో వెళ్లాను. ఆమె చర్చికి వెళ్లే అలవాటున్న మనిషి కాదు. కాని చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ నేర్పిన గుర్తులతో కిటికీలన్నీ గడగడా చదివేసింది. తాళంచెవులు పట్టుకుంటే పీటర్, పరిమళద్రవ్యం బుడ్డి ఉంటే మగ్దలేనా మరియ, చక్రం పక్కన ఉంటే క్యాథరిన్, తన తల తానే చేత పట్టుకుంటే డెనిస్. శంఖచక్రాలు చూసి విష్ణువని, డమరుకం చూసి శివుడని మనం చెప్పే తీరే ఇది. ఈ నాలుగైదు గుర్తులు నేర్చుకుని వెళ్లినవారికి ఫ్రాన్స్‌లో ఏ చర్చి అయినా సగం అర్థమైనట్టే. అప్పుడే ఆమె ఒక కిటికీ అడుగు భాగం చూపించింది. అక్కడ దేవుడు లేడు, చెప్పులు కుడుతున్న మనుషులున్నారు. బైబిలులోని మంచి సమరయుడి కథ ఉన్న ఆ కిటికీ అడుగున చెప్పులు కుట్టేవారి పని, మగ్దలేనా కిటికీ అడుగున నీళ్లు మోసేవారి పని చిత్రించి ఉంది; కిటికీ ఎవరి పేరున వచ్చిందో చెప్పే గుర్తులవి. నాకు మా ఊరి రామాలయంలో ట్యూబ్‌లైట్ మీద, ఫ్యాన్ రెక్కల మీద ఎర్రరంగుతో రాసిన దాతల పేర్లు గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. వెలుగు సగం ఆ అక్షరాలకే పోయే ట్యూబ్‌లైట్ సంగతి ఆమెకు వివరించడానికి చాలాసేపు పట్టింది.

చర్చి, మ్యూజియం జంటలలో రెండో మంచి జంట రువాఁ కతీడ్రల్, ఓర్సే. మొనే 1892, 1893లలో రువాఁలో చర్చికి ఎదురుగా గది తీసుకుని, ఒకే ముఖాన్ని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పొగమంచులో ముప్ఫై సార్లకు దగ్గరగా గీశాడు. వాటిలో ఐదు ఓర్సేలో ఉన్నాయి. ఇక్కడ వరస ముఖ్యం. ముందు రువాఁ వెళ్లి చర్చి ముందు కాఫీ తాగుతూ రెండు గంటలు గడిపి, ఆ రాతి మీద వెలుగు మారడం కళ్లారా చూశాక ఓర్సేకు రావాలి. తిరగేసి చేస్తే చర్చి పేలవంగా కనిపిస్తుంది. రువాఁకు రైలు సాఁ లజార్ స్టేషన్ నుంచి.

తల్లిదండ్రులు చూడడానికి వచ్చినప్పుడు లెక్క మారుతుంది. వాళ్లకు ఉచితం లేదు. లూవ్ర్‌లో ఇద్దరికీ కలిపి 64 యూరోలు. మోకాళ్ల నొప్పులున్నవారికి సాంత్‌షపెల్ మెలికల మెట్లు ఇబ్బంది. నోత్ర్‌దామ్ చదునుగా ఉంటుంది, డబ్బు అడగదు. మ్యూజియం ఒకటి చూపించాలంటే కూర్చునే చోట్లు, లిఫ్టులు, చెప్పగానే అర్థమయ్యే బొమ్మలు ఉన్న ఓర్సేకే తీసుకెళ్లండి. మా అమ్మ అక్కడ మియే గీసిన ‘పరిగె ఏరుకునేవాళ్లు’ ముందు ఆగి, కోత అయ్యాక మా పొలంలో పరిగె ఏరుకోవడానికి వచ్చే ఆడవాళ్ల పేర్లు వరసగా చెప్పింది. చర్చిలో చెప్పులు విప్పనక్కరలేదని మాత్రం ముందే చెప్పి ఉంచాలి. టోపీలు తీయాలి, ఆరాధన జరిగే వేళ తిరుగుతూ ఫోటోలు తీయకూడదు.

పారిస్‌లో లేనివారు పారిస్ కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు. తులూజ్‌లో విమాన ఇంజనీరింగ్ చదివే మనవాళ్లు జాకొబాఁ చర్చిలో, ఒకే స్తంభం మీదినుంచి తాటిమట్టల్లా విచ్చుకున్న కప్పును చూడకుండా రెండేళ్లు గడిపేస్తే అది నేరం. స్ట్రాస్‌బూర్‌లో ఉన్నవారికి 142 మీటర్ల గోపురమున్న ఎర్రరాతి కతీడ్రల్ ఊరి నడుమనే ఉంది. అక్కణ్నుంచి కోల్మార్‌కు వెళ్లి గ్రూనెవాల్డ్ గీసిన ఇసెన్‌హైమ్ బలిపీఠం చూడాలి, అయితే ఆ శిలువ దృశ్యం సున్నితమనస్కులకు కాదు. లీల్, లియోన్ నగరాల లలితకళా మ్యూజియంలు ఒక మధ్యాహ్నానికి చక్కగా సరిపోతాయి, జనం తోపులాట ఉండదు.

ఇక గిమే. ఇది ఫ్రెంచి కళ కాదు కాబట్టి చాలామంది జాబితాలో ఉండదు. లియోన్ పారిశ్రామికవేత్త ఎమిల్ గిమే సేకరణతో మొదలై 1889లో పారిస్‌లో తెరిచిన ఈ ఆసియా కళల మ్యూజియంను, ఓర్సే తర్వాత, లూవ్ర్‌కు ముందు పెట్టుకోమని తెలుగు విద్యార్థికి నా సలహా. ఇక్కడి సేకరణలో అమరావతి శైలి శిల్పఫలకాలున్నాయి. కృష్ణాతీరం నుంచి వెళ్లిన శిల్పాల్లో పెద్దభాగం లండన్‌లోనూ చెన్నైలోనూ ఉన్నాయి, కొన్ని ఇక్కడికి చేరాయి. స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేస్తూ చూడవలసిన రాయి, గోడకు ఆనుకుని, చిన్న దీపం కింద ఉంటుంది. మ్యూజియం అంటే ఏమిటో, దేన్ని ఎక్కడినుంచి తెచ్చి పెడతారో, ఆ రాయి ముందు నిలబడితే అర్థమైనట్టు మోనాలిసా ముందు అర్థం కాదు. ఆ తర్వాత లూవ్ర్‌కు వెళితే ప్రతి చీటీ మీదా బొమ్మ పేరుకన్నా ముందు ఊరి పేరు చదువుతారు.

షార్త్ర్‌కు వచ్చిన సహవిద్యార్థినినే ఒక ఆదివారం గిమేకు తీసుకెళ్లాను. రెండో శతాబ్దపు ఫలకం ఒకదానిలో, బుద్ధుడి తపస్సు చెడగొట్టాలని మారుడి సేన దండెత్తి వస్తోంది. నడుమ సింహాసనం ఉంది, దాని మీద ఎవరూ లేరు. ఆమె చీటీ చదివి, బుద్ధుడు ఏడని అడిగింది. ఆ కాలంలో బుద్ధుణ్ని మనిషిగా చెక్కక, సింహాసనంతోనో, పాదాలతోనో, బోధివృక్షంతోనో చూపించే పద్ధతి ఉండేదని, ఆ ఖాళీయే ఆయనని చెప్పాను. ఆమె ఆ ఖాళీ సింహాసనం ముందు చాలాసేపు నిలబడి, ఇంకా ఏయే గుర్తులున్నాయో రాసిమ్మని తన నోటుపుస్తకం నా చేతికిచ్చింది.